హరుకమ్మ ఇచ్చిన వాన

కుప్పంలో మా ఫ్లెక్సు దుకాణం ఎదుట, గోడపోస్టర్లు అంటించేవాళ్లు పొద్దున్నే మైదా ఉడికిస్తారు. ఆ వాసన షట్టరు కిందినుంచి లోపలికి వస్తుంది. మిషను తిరుగుతుంటే నేను కాసేపు కళ్లు మూసుకుంటాను. హరుకమ్మ కూడా రంగులో కలపడానికి ఇలాగే బియ్యప్పిండి జిగురు ఉడికించేది.

ఆమె అసలు పేరు హరుకో. జపానులో చెక్క అచ్చులతో బొమ్మలు వేసిన మనిషి. మదనపల్లె దగ్గర ఒక బడిలో బొమ్మలు నేర్పడానికి వచ్చి, ఆ ఉద్యోగం ముగిశాక కూడా ఊళ్లోనే అద్దెకుండిపోయింది. పుంగనూరులో వడ్రంగం చేసే మా నాన్న దగ్గరికి చెక్క పలకల కోసం వచ్చినప్పుడు మొదటిసారి చూశాను. నాన్న చిత్రిక పట్టిన పలకను చెంపకు ఆనించుకుని, "ఈడ గరుకు ఉండాదప్పా" అంది. నాన్న మళ్లీ చిత్రిక పట్టాడు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్న నేను ఆ పలకలు మోసుకెళ్లి, ఆమె దగ్గరే పనికి కుదురుకున్నాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఇద్దరం అరుగు మీద చేరబడ్డాం. "మా దేశంలో ముందు అచ్చంతా నలుపొకటేనమ్మా. రంగు కావాలంటే కుంచెతో పూసేవాళ్లు. తర్వాత, కొత్త సంవత్సరానికి క్యాలెండర్లు పంచుకునే షావుకార్లు రంగుల్లోనే అచ్చు కావాలన్నారు. దాంతో రంగుకొక పలక వచ్చింది" అని చెప్పింది.

"రంగులన్నీ ఒకేచోట ఎట్లా కుదిరినాయమ్మా?"

పలక మూలలో చెక్కిన గాటు చూపించింది. కాగితం ప్రతిసారీ ఆ గాట్లోనే కూర్చోవాలి. "రంగులు పెరిగినాయి, నడుములు ఇరిగినాయి. బొమ్మలో అది కనపడదు" అంది.

బెంగుళూరు ప్రదర్శనకని వానలో తడిసే గుర్రంకొండ కోట బొమ్మ మొదలుపెట్టింది. కొండ, ఆకాశం, చేల పలకలు చెక్కడం అయింది. వాన పలక దగ్గరికి వచ్చేసరికి ఆమె మణికట్టు వాచిపోయింది. ఉలి పట్టుకోవడం, జారవిడవడం, కొన్నాళ్లు అదే. చివరికి ఉలి నా ముందు పెట్టింది.

"నా చెయ్యి అయిపోయింది. నువ్వు చెక్కు."

"గీత గీసియ్యమ్మా."

"నువ్వు వాన సూడలేదా?"

చెక్కాను. ఆమె రంగు కలిపింది, నేను అచ్చు తీశాను. కోట మీద సన్నటి జల్లు. ఆమె చాలాసేపు చూసింది. "ఇది నీ వాన. నాదయితే ఇంకా గట్టిగా పడేది" అని, తన పేరుకు గుర్తుగా ఎప్పుడూ వేసే ఎర్ర ముద్రను వెయ్యకుండా, దాని గుడ్డసంచిలోనే పెట్టేసింది.

"యాలమ్మా, బాగలేదా?"

"బాగుండాది. అందుకే నీ పేరు రాయి."

నా చేతికి పెన్సిలిచ్చింది. ఆ ఏడు ప్రదర్శనకు ఆమె ఏమీ పంపలేదు. తర్వాతి ఎండాకాలం చెల్లెలింటికని జపాను వెళ్లి, అక్కడే పోయింది.

ఇప్పుడు రోజంతా ఫ్లెక్సు మిషను దగ్గర నిలబడి నా కాళ్లు లాగుతుంటాయి. అయినా ఆదివారం ఉలి తీస్తాను. అచ్చు తీశాక, ఇది నాదేనా అని చాలాసేపు చూస్తాను. చాలాసార్లు పేరు రాయకుండానే పక్కన పెట్టేస్తాను.