డాలరు నేర్చుకుందామని బెజవాడ వెళ్ళి బిర్యానీ దగ్గర దొరికిపోయాను

ఈ ఏడు, 2009లో, మా కాలేజీకి వేసవి సెలవులిచ్చిన వారంలోనే నాకు రెండు జబ్బులు బయటపడ్డాయి. ఒకటి షుగరు. దాన్ని డాక్టరు గారు కనిపెట్టారు. రెండోది డాలరు. దాన్ని మా ఆవిడ వసుంధర కనిపెట్టింది. రూపాయితో పోలిస్తే డాలరు ధర పెరుగుతుందో తగ్గుతుందో చూసుకుని ఎక్స్చేంజీలో కొనుగోళ్ళు, అమ్మకాలు చేసుకునే వీలు మామూలు వాళ్ళకి కిందటేడే వచ్చింది. తెనాలి జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న నేను, లెక్కలొచ్చిన వాడికి డబ్బు రాకపోవడమేమిటని రోజూ పేపర్లో డాలరు ధర మీద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ కూర్చున్నాను. గీతలన్నీ సరిగ్గానే వచ్చాయి. పెట్టుబడే లేదు. ఇంట్లో ఉన్నదల్లా వసుంధర పేరున ముప్పై వేల ఫిక్స్‌డ్ డిపాజిట్టు. పదేళ్ళు పక్కింటి వాళ్ళకీ ఎదురింటి వాళ్ళకీ జాకెట్లు కుట్టి దాచుకున్నది. అది తీయాలంటే ఆవిడ సంతకం కావాలి.

అడిగాను. ఆవిడ కాదనలేదు, పందెం వేసింది. "డాక్టరు గారు ఎలాగూ తగ్గించమన్నారు. ఒక్కరోజు, పొద్దుటి నుంచి రాత్రి దాకా, అన్నం ముట్టకుండా ఉండండి. ఉంటే మాట్లాడకుండా సంతకం పెడతాను" అంది. ఒక్క పూట అన్నం వద్దంటే మనిషి అలిగాడేమోనని ఇరుగుపొరుగు వచ్చి పలకరించే ఊళ్ళు మావి. అయినా ఒప్పుకున్నాను. ఆ రోజే బెజవాడ వెళ్ళి, ఒన్ టౌన్‌లో దినుసుల వ్యాపారం చేసే నా చిన్ననాటి మిత్రుడు మస్తాన్ వలీ దగ్గర డాలరు పాఠం నేర్చుకుని, మధ్యాహ్నం ఖాతా తెరిచి వద్దామని ప్రయాణం పెట్టాను. ఎందుకైనా మంచిదని ఇద్దరి పాన్ కార్డులూ ఫోటోలూ చెక్కు పుస్తకాలూ సంచీలో వేయించాను.

పొద్దున్నే తెనాలిలో మంగళగిరి బస్సెక్కాం. టికెట్టు మనిషికి పదిహేను రూపాయల లోపే. ఎండ ముదరకముందే బయల్దేరితే కిటికీ పక్క సీటు దొరుకుతుంది, దుగ్గిరాల దగ్గర పసుపు ఆరబెట్టిన వాసన కూడా తగులుతుంది. గంటలో మంగళగిరిలో దిగాం. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చోగానే సర్వరు "ఏం తెమ్మంటారండీ, వేడిగా ఇడ్లీ దింపాం" అన్నాడు. నాలుగు తెమ్మన్నాను. వసుంధర నా వంక చూసింది.

"ఇడ్లీ అన్నం కాదు కదా, టిఫిను" అన్నాను.

"బియ్యపు రవ్వ కాదూ అది?"

"పందెంలో అన్నం అన్నాం గానీ బియ్యం అనలేదు."

"సరే" అంది. ఆ సరే అనడంలో ఏదో తేడా ఉంది గానీ చట్నీ బాగుండడం వల్ల నేను పట్టించుకోలేదు.

అక్కణ్ణుంచి ఆటోలో కొండ మీది పానకాల స్వామి దగ్గరికి వెళ్ళాం. మెట్లున్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. మోకాళ్ళ మాట వినేవాళ్ళు ఆటోకే మొగ్గు చూపండి. మధ్యాహ్నం మూడింటికల్లా గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళడం మేలు. స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తారు. గుటక వేసినట్టు చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆగిపోతుంది, మిగిలిన సగం మనకి ప్రసాదం. "బిందెడు పోసినా చెంబెడు పోసినా సగమేనమ్మా స్వామి స్వీకరించేది" అన్నారు పూజారి గారు. వసుంధర చెంపలు వేసుకుని, "చూశారా, ఎక్కడ ఆగాలో దేవుడికి తెలుసు" అంది. పందెం అన్నం గురించే, పానకం మాటే రాలేదు కాబట్టి నేను రెండు గ్లాసులు పుచ్చుకున్నాను. కింద పులిహోర పొట్లం కొన్నాను. ప్రసాదాన్ని అన్నం అనడం అపచారం. ఈసారి నేను వివరణ ఇవ్వకముందే ఆవిడ "సరే" అనేసింది.

మంగళగిరి దాకా వచ్చి చీర చూడకుండా వెళ్ళడం మా ఆవిడ వల్ల కాదు. దుకాణంలోకి అడుగుపెట్టే ముందే "తొమ్మిది వందలండీ, పైసా ఎక్కువ పెట్టను" అని నాతో చెప్పింది. అరగంటకి నెమలిపింఛం రంగు చీర ఒకటి దొరికింది. అంచు మీద చెయ్యి వేసి ఆవిడ తీయకుండా కూర్చుంది. ఆ మొహం నేను మా పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. షాపాయన పదకొండు వందలన్నాడు. బేరం సాగి సాగి తొమ్మిది వందల యాభై దగ్గర ఆగింది. "ఇంక గిట్టదమ్మా, మగ్గం మీద కూచునేవాడికీ మిగలాలి కదా" అన్నాడాయన. వసుంధర చీర మడిచి, ఆయన చేతికే ఇచ్చి, చెప్పులేసుకుంది.

"యాభై రూపాయలే కదే!" అన్నాను వీధిలో.

"యాభై కాదండీ, తొమ్మిది వందలనుకున్నాం" అంది. షాపాయన వెనక్కి పిలవలేదు. ఆవిడా వెనక్కి చూడలేదు. నాకైతే మొండితనమనే అనిపించింది. ఆ చీర ఆవిడకి ఎంత నచ్చిందో తెలుసు కాబట్టి కాస్త జాలీ వేసింది.

మంగళగిరి నుంచి బెజవాడ బస్సులో అరగంట. బస్టాండులో దిగి ఒన్ టౌన్‌కి ఆటో మాట్లాడితే యాభై అడిగి ముప్పైకి వచ్చాడు. డ్రైవరుది గుణదలట. మా మాటలు విని "షుగరాండీ మాస్టారూ? మా గుణదల మాత కొండెక్కండి రోజూ. మొక్కు తీరుద్ది, షుగరూ దిగుద్ది" అన్నాడు. "నువ్వు ఎక్కుతావా?" అనడిగితే, "నాకు కిరాయిలు సరిపోవట్లేదండీ, షుగరు మట్టుకు వచ్చేసింది" అని నవ్వాడు. ఒన్ టౌన్ సందుల్లో తోపుడు బళ్ళ మధ్య ఆటో కదలడం కంటే ఆగడమే ఎక్కువ. లవంగాల ఘాటు తగలగానే మస్తాన్ కొట్టు వచ్చేసిందని అర్థమైంది.

మస్తాన్ లవంగాలూ జాజికాయా విదేశాల నుంచి తెప్పిస్తాడు. సరుకు ధర డాలర్లలో మాట్లాడుకుని, రెండు నెలల తర్వాత కడతాడు. ఈలోపు డాలరు పెరిగితే లాభమంతా ఆవిరైపోతుంది. అందుకని ముందే ఎక్స్చేంజీలో కొంత డాలరు కొని ఉంచుతాడు. "నాది పందెం కాదు మాస్టారూ, సరుక్కి గొడుగు" అన్నాడు కంప్యూటరు తెర నా వైపు తిప్పుతూ. పాఠం చాలా తేలిగ్గా చెప్పాడు. ఒక లాటంటే వెయ్యి డాలర్లు. అంతా కట్టక్కర్లేదు, కొంత బయానా చాలు. డాలరు ఒక్క పైసా కదిలితే లాటుకి పది రూపాయలు వస్తుంది లేదా పోతుంది. కొత్తవాళ్ళు ఒక్క లాటు దాటకూడదు, అప్పు తెచ్చి ఆడకూడదు. కొనే ముందే ఎంత నష్టం దగ్గర బయటపడాలో తేల్చుకుని, ఆ ధరకి అమ్మకం ఆర్డరు పెట్టేయాలి. దాన్ని స్టాప్ లాస్ అంటారు.

"ఇంత తేలికైతే జనం ఎందుకు మునుగుతున్నారు?" అన్నాను.

"మార్కెట్ వల్ల మునగరు మాస్టారూ. గీత వాళ్ళే గీస్తారు. ధర గీత దగ్గరకొచ్చేసరికి, ఇంకో ఐదు పైసలు చూద్దాంలే అని గీతని కిందికి జరుపుతారు. ప్రతిసారీ ఓ కారణం చెబుతారు. బ్రహ్మాండమైన కారణాలు! చదువుకున్నోళ్ళయితే మరీను."

నేను గంభీరంగా తలూపి రాసుకున్నాను. వసుంధర స్టూలు మీద కూర్చుని లవంగం నములుతూ నా వంకే చూస్తోంది.

కొట్టు పైనే ఇల్లు. మస్తాన్ భార్య హమీదా వదినకి పదేళ్ళుగా షుగరు. నా సంగతి ముందే తెలుసు కాబట్టి గోంగూరలో ఉడికిన గుడ్లు, మెంతికూర కీమా, వాటి పక్కన తెల్లగా ఓ గిన్నెడు పెరుగన్నం పెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. "తినండన్నయ్య గారూ, అందులో మెతుకు లేదు. సొరకాయ!" అంది. లేత సొరకాయని చెక్కు తీసి తురిమి, ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, గుడ్డలో వేసి గట్టిగా పిండి, చల్లారాక గడ్డ పెరుగులో కలపాలట. పైన ఆవాలు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు. "నీళ్ళు పిండకపోతే మజ్జిగ పులుసవుద్ది, అదే కిటుకు" అంది వదిన. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే కడుపు చల్లబడింది. నిప్పులు చెరిగే ఆ ఎండలో అంతకంటే హాయి ఇంకోటి లేదు. నేను గెలిచేశానని ఖాయం చేసుకున్నాను.

అప్పుడు బిర్యానీ గిన్నె మూత తీశారు. ఇంటికొచ్చిన వసుంధరకి పెట్టకపోతే ఎలాగని చేశారట. "నాకు ముక్క ఒక్కటి వెయ్యండి" అన్నాను. ముక్కకి నాలుగు మెతుకులు అంటుకుని వచ్చాయి. దులపలేం కదా. ఆ తర్వాత వదిన మనసు నొప్పించకూడదని ఒక్క గరిటె. రైతా మిగిలిపోయింది కాబట్టి ఇంకో గరిటె. మూడో గరిటెకి కారణం చెప్పడం కూడా మానేశాను. వసుంధర ఎప్పుడు తినేసి లేచిందో నేను చూడనే లేదు.

"ఇదీ అన్నం కాదంటారా?" అంది కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

"బిర్యానీని అన్నం అంటే వదిన గారికి అవమానం" అన్నాను. మస్తాన్ పగలబడి నవ్వాడు. ఏమిటి సంగతని అడిగితే మా పందెం గురించి చెప్పాను. మాట మళ్ళించడానికి, పొద్దుటి చీర బేరం కూడా నవ్వుతాలుగా చెప్పాను. "యాభై రూపాయల కోసం అంత నచ్చిన చీర వదిలేసి వచ్చింది రా, ఏం మొండితనమో!" అన్నాను.

మస్తాన్ నవ్వు ఆపాడు. "చెల్లెమ్మ లేచి వచ్చేసిందా? వెనక్కి చూడకుండా?" అన్నాడు. నా ఇడ్లీ, నా పులిహోర, నా మూడు గరిటెలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పొద్దుటి నుంచి గీత జరుపుతూ వచ్చింది ఎవరో నాకు అర్థమైంది. నిజంగా సిగ్గేసింది.

గవర్నర్‌పేటలో ఒక మేడ మీదున్న బ్రోకరు ఆఫీసుకి మూడు దాటాక వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి ఫారం ముందు పెట్టి "ఖాతా ఎవరి పేరు మీదండీ?" అంది. నేను పెన్ను తీసి, మూత పెట్టేసి, మళ్ళీ తీశాను. "నావల్ల కాదు వసుంధరా, నీ డిపాజిట్టు నీ దగ్గరే ఉండనీ" అన్నాను. అనగానే ప్రాణం తేలికపడింది, అంతలోనే దిగులూ వేసింది.

ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. "నా పేరు మీద రాయమ్మా. డిపాజిట్టు కదపను. కుట్టు డబ్బులు విడిగా ఐదు వేలున్నాయి, అంతే" అంది. నా వైపు తిరిగి, "లెక్కలు మీరు చెప్పండి. ఆపడం నేను చూసుకుంటాను" అంది. ఫారం నింపడానికి అరగంట పట్టింది. సాయంత్రం పాసింజరు రైల్లో తెనాలి చేరేదాకా ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది, నేను సంచీకి కాపలా కాశాను.

ఖాతా తెరుచుకున్నాక మొదటి లాటు నా గీతల ప్రకారమే కొన్నాం. పది పైసలు ఎదురు తిరగ్గానే, ఆవిడ ముందే పెట్టించిన గీత దగ్గర అమ్ముడైపోయి వంద రూపాయలు పోయాయి. వసుంధర "అయిందిగా" అని లేచి వెళ్ళి ఎవరిదో జాకెట్టు కుట్టుకుంది. నేను ఇంట్లో కంప్యూటరు తెర ముందే సాయంత్రం దాకా కూర్చుని, నాది కాని వంద రూపాయలకి ఏడ్చాను. అది జరిగి కొన్ని నెలలైంది. ఖాతాలో పెద్ద లాభమేం లేదు, ఐదు వేలూ ఇంకా ఐదు వేల చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ నెలల్లో వారానికి నాలుగు రోజులు నేనే సొరకాయ తురుముతున్నాను. పిండడం మాత్రం ఆవిడే. నా చేతిది ఎప్పుడూ మజ్జిగ పులుసే అవుతోంది. లెక్క వచ్చిన వాడికే డబ్బు వస్తుందని నమ్మినవాణ్ణి, ఆగడం వచ్చిన మనిషి పాతికేళ్ళుగా నా ఇంట్లోనే ఉందని బెజవాడ దాకా వెళ్ళి తెలుసుకున్నాను.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఖాతా తెరిచే ముందు ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా విందు భోజనానికి వెళ్ళండి. ఎవరు ముందు చెయ్యి కడుక్కుంటారో చూసి, వాళ్ళ పేరున తెరవండి.