కొర్రలు తిన్నాక అన్నం

మా అమ్మకి సుగర్ వచ్చిందని తెలిశాక ఆవిడ కంటే నేనే ఎక్కువ హడావిడి పడ్డాను. ఉయ్యూరులో చెరుకుతోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి సుగర్ రాక ఏం వస్తుందని వేళాకోళం చేస్తూనే, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరుగారికి చూపించాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. రక్తంలో చక్కెరను కండలు పీల్చుకోవాలంటే ఇన్సులిన్ వెళ్లి తలుపు తట్టాలట. తెల్లన్నం కుప్పగా తింటే చక్కెర ఒక్కసారిగా వచ్చి పడుతుంది. రోజూ అదే పని అయితే, ఇన్సులిన్ ఎంత తట్టినా కండలు పట్టించుకోవడం మానేస్తాయట. మా ఇంట్లో నా మాటకీ అదే గతి. అన్నం బదులు కొర్రలు తినాలి, తిన్నాక కాసేపు నడవాలి; నడిచే కండలు ఇన్సులిన్ కోసం చూడకుండా తామే కొంత లాక్కుంటాయి. ఈసారి పరీక్షలో తగ్గకపోతే ఇంజెక్షన్లే అన్నారు. అమ్మ మొహం పాలిపోయింది. నాన్న పోయేదాకా రోజూ ఆయనకి ఇన్సులిన్ సూది పొడిచింది ఆవిడే.

అప్పట్నించి మధ్యాహ్నం కొర్రలు వండాను. అమ్మ పేచీ పెట్టకుండా పప్పుతో, గోంగూరతో తినేది. నేను చుట్టాలందరికీ ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకున్నాను. తీరా పరీక్ష చేయిస్తే సుగర్ ఇంకాస్త పెరిగింది.

అన్నం పూర్తిగా మానేశారా అని డాక్టరుగారు అడిగారు.

"అన్నం మానేస్తే ఎట్టాగండీ? కొర్రలు తిన్నాకే తింటున్నాను," అంది అమ్మ.

ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను. కొర్రలయ్యాక ఆవిడ తినే పెరుగన్నం రోజూ వడ్డించింది నేనే మరి. మా వైపు ఇడ్లీ, ఉప్మా, కొర్రలు, ఏవైనా టిఫినే. అన్నం తింటేనే భోజనం. ఆయనదీ ఈ డెల్టానే కాబట్టి నవ్వేసి, ఇంకొక్క అవకాశం ఇచ్చారు.

ఇక కొర్రల్లోనే పెరుగు కలిపాను. కంచం ఖాళీ అయ్యాక కూడా అమ్మ కదలకుండా కూర్చునేది, అసలు భోజనం ఇంకా రాలేదన్నట్టు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఇద్దరం పోట్లాడుకుంటూనే అపార్ట్‌మెంట్ చుట్టూ నడిచేవాళ్లం.

ఈసారి తగ్గింది. ఇంజెక్షన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఆ సంతోషంలో ఇంటికి రాగానే నేను వేడన్నం కుప్పగా పెట్టుకుని ఆవకాయ కలపబోయాను. అమ్మ నా కంచం పక్కకి జరిపి, ఇంకో కంచంలో కొర్రలు వడ్డించింది. నాకేం సుగర్ లేదు కదా అన్నాను.

"మీ నాన్నకి పొడిచాను. అవసరమైతే నాకు నేనే పొడుచుకుంటాను. నీకు పొడవడం మాత్రం నా వల్ల కాదే," అంది.

నెయ్యి కూడా అడక్కుండా తిన్నాను.