ఒక్కసారే పిలిచిన గొంతు

వెలిగించిన దీపం మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం.

హుకుంపేటలో అరకు బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. ఒక్కో సంస్కృతిలో వ్యక్తిత్వ లోపాలు ఎలా బయటపడతాయన్నది ఆమె పరిశోధన. తను వెళ్ళిన కొండ ఊళ్ళో ఒక ముసలమ్మ, రెండోసారి పిలిస్తే గాని పలకదట.

"అతి అనుమానం. అదొక రుగ్మతే అంకుల్," అంది.

"కాదమ్మా, ఈ కొండల్లో అందరూ అంతే. మడిసయితే మళ్ళీ పిలుత్తాడు. ఒక్కసారే పిలిసేది మడిసి కాదు. పలికినోళ్ళని ఎంట తీసుకుపోద్ది."

"అయితే ఊరు ఊరంతా పేషెంట్లే," అని నవ్వింది.

ఘాట్‌ మలుపులో ఇంజన్‌కి నీళ్ళు పొయ్యడానికి డ్రైవరు బస్సు ఆపాడు. పొగమంచు కిటికీ దాకా వచ్చేసింది. లోయలోంచి ఒక ఆడగొంతు ఎవరినో పేరు పెట్టి పిలిచింది.

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "అది నా పేరు. ఈ కొండల్లో నా పేరు ఎవరికీ చెప్పలేదు అంకుల్."

మరుక్షణం రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. ఇద్దరం రెండో పిలుపు కోసం చెవులు రిక్కించాం. అది రానేలేదు. అరకులో దిగేదాకా ఆమె చేతులు తీయలేదు.

ఇప్పుడు మా ఆవిడ మొదటి పిలుపుకి నేను పలకను. చెవుడొచ్చిందని ఊరంతా చెబుతోంది.

ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకుంటాను. పొగమంచు నా కల్పన. ఆ పూట ఎండ కాస్తోంది. లోయ అడుగుదాకా స్పష్టంగా కనిపించింది. అక్కడ ఎవరూ లేరు.