స్వరాజ్యం వదిన అరుపు

మా వదిన స్వరాజ్యం పేరు ఏ పోస్టరు మీదా పడలేదు. గొంతు మాత్రం ఊరంతా తిరిగింది. ఇరవై ఏళ్ల కిందట ఒక విదేశీ సినిమా తెలుగులోకి వచ్చింది. ముసుగేసుకున్నవాడు కత్తి పట్టుకొని, ఒంటరి ఇంట్లో పడుచుపిల్లల్ని ఒక్కొక్కరినే చంపుతాడు. ఆఖరికి మిగిలిన పిల్ల అరిచే అరుపుకు డబ్బింగ్ చెప్పింది మా వదినే. ఆ తర్వాత మన దగ్గర ఎవరు భయం సినిమా తీసినా అదే ముసుగు, అదే కత్తి, అరవడానికి మళ్లీ మా వదిన. ఇప్పటికీ అమీర్‌పేట హాస్టల్ పిల్లలు దాన్ని ఫోన్లో పెట్టుకొని ఒకరినొకరు హడలగొడతారు. మైత్రీవనం దగ్గర ఎవరైనా గుర్తుపట్టి "జర ఇంకోసారి అరువు ఆంటీ" అంటే నవ్వి అరిచేది కూడా. మా అన్న మహిపాల్ అది చూసి మురిసిపోయేవాడు. ఆడబిడ్డను కదా, నాకు ఒళ్లు మండేది.

పోయిన నెల అన్న గుండె ఆగి పోయాడు. పంజగుట్ట ఆసుపత్రి నుంచి యూసుఫ్‌గూడ ఇంటికి తెచ్చి వాకిట్లో దించగానే వదిన అరిచింది. అదే అరుపు. సన్నగా లేచి, పైన నిలిచి, తెగింది. మేడ మీద అద్దెకుండే పిల్లలు మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"అరే, గా సినిమాదే రా!" అన్నాడొకడు. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక ఏడవలేదు.

మా దిక్కు శవం దగ్గర ఆడవాళ్లు పోయినవాళ్లను తలుచుకుంటూ, రాగం తీసి ఏడుస్తారు. ఏడవకపోతే లోకం ఊరుకుంటుందా? ముసలమ్మలు గుసగుసలు మొదలుపెట్టారు. నా నోరు అసలే మంచిది కాదు.

"పెనిమిటి పోతే కంట్ల చుక్క నీళ్లు రాకపాయె. నీది గుండెనా, బండనా?" అని అందరి ముందూ అనేశాను.

వదిన నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "నోరు తెరిస్తే గదే వస్తది వనితా. సిగ్గుతోని సస్తున్న. మీ అన్న కోసం ఏడ్వనీకి నా దగ్గర ఇంకో ఏడుపు లేదు."

ఛీ, పాడు నోరు నాది! తలెత్తలేకపోయాను. అన్న కాళ్లు పట్టుకొని, "ఓ నా అన్నా, చాయ్ పెట్టుమని ఇగ ఎవలంటరే" అని మెల్లగా రాగం అందుకున్నాను. వదిన నా పెదాలనే చూసింది. డబ్బింగ్‌లో తెర మీద పెదాలను అలాగే చూస్తుంది. నేను ఆగిన చోట ఆగి, నా నోట విన్న మాటనే మళ్లీ అన్నది.

"ఓ నా అన్నా..."

మొగుణ్ణి ఏమని పిలుస్తున్నదో ఆమెకు తెలియలేదు. ముసలమ్మలంతా విన్నారు. ఎవరూ నవ్వలేదు, నేనూ దిద్దలేదు.