కత్తెర ఎవరి చేతిలో

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కగానే గంధం వాసన తగిలింది. పక్కన కూర్చున్న అమ్మాయి నున్నటి గుండుకు గంధం పూసుకుంది; మెడలో ఆఫీసు ఐడీ కార్డు. ఆ గుండు చూడగానే సుశీల టీచర్ గుర్తొచ్చారు.

ఆవిడ రిటైరైన ఇంగ్లిష్ టీచర్. గుంటూరు నుంచి వచ్చి నల్లగండ్లలో కూతురి దగ్గర ఉండేవారు. శనివారం సాయంత్రాలు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆడవాళ్లు రాసిన కథలు చదివించేవారు. వచ్చేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు. నేనేమో ఇంటర్‌తో ఆగిపోయి, ఒక కంపెనీ రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. మిగతా చదువంతా లైబ్రరీలో సంపాదించుకున్నదే. ఆ గర్వంతోనే వెళ్లాను.

మొదటి రోజు ఒక మంచు దేశపు కథ చదివాం. పెళ్లైన ఒకామె అద్దం ముందు నిలబడి, నడుము దాటిన జడను కత్తిరించుకుని వీధిలోకి నడిచిపోతుంది. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. మొగుడికి జబ్బు చేసి ఉంటుందని, అందుకే జుట్టు మొక్కుకుందని చెప్పాను. గది గొల్లుమంది. "ఆ దేశంలో తిరుపతి ఎక్కడిది బంగారం?" అంది ఒకామె. ఇంకెప్పుడూ అక్కడ నోరు విప్పకూడదనుకుని బ్యాగు అందుకున్నాను.

టీచర్ నవ్వలేదు. "కూర్చోమ్మా. నువ్వు మీ ఊరి కళ్లతో చదివావు. వీళ్లు ఎవరి కళ్లతో చదివారో నాకింకా తెలియదు" అన్నారు. తర్వాత ఒక పాత తెలుగు కథ తీసి, తొణకని గొంతుతో తానే చదివారు. అందులో ఒక వితంతువు, తల గొరగడానికి క్షురకుడు వచ్చే రోజున తలుపు గడియ పెట్టుకుంటుంది. కొన్నాళ్లకు ముసుగు కింద వేలెడు పెరిగిన జుట్టును తడుముకుని నవ్వుకుంటుంది. కథ అంతే.

"ఇప్పుడు చెప్పు" అన్నారు నాతోనే.

ఒళ్లోని బ్యాగు కింద పెట్టాను. "ఆమె కత్తిరించుకున్నది, ఈమె పెంచుకున్నది. ఇద్దరు చేసింది ఒక్క పనే గద టీచర్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "కత్తెర ఎవరి చేతిలో ఉందో చూడు. ఏ దేశపు కథైనా ముందు అదే చూడు" అన్నారావిడ. అన్ని సముద్రాల అవతలి ఆడమనిషి, మా ముత్తవ్వలాంటి మనిషి ఒకే బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చున్నట్టు అనిపించింది. అప్పటిదాకా లైబ్రరీలో చదివినవన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలనిపించింది.

టీచర్ ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో కూర్చుని కథలు చదివించేది నేనే.

"మొక్కు తీర్చుకున్నవా చెల్లె?" అని అడిగాను ఆటోలో.

ఆ అమ్మాయి గుండు తడుముకుంది. "మొక్కింది మా అత్తమ్మ అక్కా. గుండు నాకైంది."

ఇద్దరం నవ్వాం. దిగే చోటు రాకముందే అడిగాను. "శనివారం సాయంత్రం ఖాళీగ ఉంటవా?"