ఉప్పుకు తోడు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ మందుల కంపెనీ గేటుకు ఎదురుగా ఇరవై రెండేళ్లుగా కరీముల్లా నిమ్మకాయ సోడా బండి నిలబడుతోంది. మనిషికి యాభై ఎనిమిదేళ్లు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పనిలో మాత్రం వంక పెట్టలేం. బాయిలర్ దగ్గర పనిచేసి వచ్చిన కూలీల చొక్కాల మీద చెమట ఆరి తెల్లటి చారలు కట్టి ఉంటాయి. వాళ్లు ఒడిశా వాళ్లయినా బీహార్ వాళ్లయినా సరే, అడగకుండానే గ్లాసులో ఒక చిటికెడు ఉప్పు ఎక్కువ పడుతుంది.

గిరాకీ లేనప్పుడు అతని కాలక్షేపం ఎదురుగా ఉన్న గేటే. పాస్ ఉన్న మనుషులకు చిన్న గేటు, సరుకు లారీలకు పెద్ద గేటు. ట్యాంకర్లకు ఒక కచ్చితమైన రూలుంది: డ్రైవర్‌తో పాటు క్లీనర్ కూడా ఉండాలి. ఒక్కడే వస్తే సెక్యూరిటీ వాళ్లు లోపలికి పంపరు. క్లీనర్ ఎక్కడో దాబా దగ్గర దిగిపోతే, డ్రైవర్ ఎండలో నిలబడి ఫోన్లు చేసుకుంటూ తిట్టుకుంటూ సోడాలు తాగడం కరీముల్లా వందసార్లు చూశాడు.

అతని భార్య వజీరాకు పదకొండేళ్లుగా షుగరు. ఆ జబ్బు సంగతి కరీముల్లాకు అంతకు ముందే బాగా తెలుసు. అతని తల్లికి కాలి వేలి మీద చిన్న పుండు లేస్తే, మోకాలి దాకా కాలు తీసేశారు. ఆర్నెల్లకు ఆ జబ్బు ఆమెనే తీసుకుపోయింది. అందుకని వజీరాకు షుగరని డాక్టరు చెప్పిన నాడే అతనొక ఒట్టు పెట్టుకున్నాడు: ఇక తన ఇంటి గడప చక్కెర దాటదు. బండి మీది పాకం డబ్బాను పక్క టీ కొట్టులో పెట్టి వచ్చేవాడు గానీ ఇంటికి తెచ్చేవాడు కాదు. బిస్కెట్ పొట్లం మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. శత్రువు మారువేషాలన్నీ అతనికి తెలుసు: షుగర్, సుక్రోజ్, గ్లూకోజ్. ఈద్ నాటి షీర్ ఖుర్మా పాయసం కూడా ఆ ఇంట్లో చప్పగానే ఉడికేది. వచ్చిన చుట్టాలు తినలేక, మర్యాదకు మానలేక నానా తంటాలు పడేవారు.

"మా ఇంట్లకు చీమలు గూడ రావు. వచ్చి ఏం తింటయ్?" అనేది వజీరా.

ఆమెది నారాయణఖేడ్ దగ్గరి పల్లె. ఉర్దూ కంటే తెలుగే ఆమె నోటికి ముందొస్తుంది. ఆ ఇంట్లో కోపాలన్నీ తెలుగులోనే. భర్త కాపలా ఆమెకు కొంత ముచ్చటగానే ఉండేది, కొంత ఊపిరాడనట్టూ ఉండేది. రెండోది ఆమె ఎన్నడూ పైకి చెప్పలేదు.

పోయినేడు మే నెలలో జహీరాబాద్‌లో ఓ పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు వజీరాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కరీముల్లా బండి తీయలేదు. బస్తీ దవాఖానాకు పరిగెత్తాడు. అక్కడి నర్సు భవ్యశ్రీ, కంది నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ఆ వాడలో అందరికీ తెలిసిన మనిషి. విషయం విని రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టి, ఒక్కోటి లీటరు నీళ్లలో కలిపి తాగించమంది.

దారిలో కరీముల్లా అలవాటు కొద్దీ ప్యాకెట్ తిప్పి చదివాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే తేలిన మాట గ్లూకోజ్. అంతే, కాళ్లు ఆగిపోయాయి. నర్సుకు వజీరా షుగరు సంగతి గుర్తులేదేమో అనుకున్నాడు. వెనక్కి వెళ్లి అడిగితే పోయేది కదా! అడగలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా? ప్యాకెట్లు అటక మీద పెట్టేసి, తనకు తెలిసిన విద్యే చేశాడు. మరగకాచి చల్లార్చిన నీళ్లు, నిమ్మరసం, ఉప్పు. గ్లాసు మీద గ్లాసు తాగించాడు.

రాత్రి గడిచి తెల్లవారేసరికి వజీరా కళ్లు గుంటలు పడ్డాయి. నాలుక పిడచకట్టింది. ఎన్ని నీళ్లు తాగిస్తే అన్నీ విరేచనంలోనే పోతున్నాయి. నీళ్లు పోస్తున్నకొద్దీ మనిషి ఎండిపోవడమేమిటో కరీముల్లాకు అర్థం కాలేదు. భయం వేసింది. దవాఖానా తెరిచే వేళకు వెళ్లి భవ్యశ్రీని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆమె వజీరా చేతి మీది చర్మాన్ని పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు.

"చాచీ, ఒంటికి ఎప్పుడు పోయినవ్?"

"నిన్న పగటీలి. మళ్ల రాలే," అంది వజీరా గొణుగుతూ.

"చాచా, నిన్నటి ప్యాకెట్లు రెండూ తాగించినవా?"

కరీముల్లా కళ్లు అటక వైపు పోయాయి. భవ్యశ్రీ స్టూలెక్కి చూసింది. చింపని ప్యాకెట్లు రెండూ దొరికాయి.

ఆమె కేకలేయలేదు. వజీరా వేలికి సూది గుచ్చి చూసింది. షుగరు రెండు వందల ముప్పై. డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన చెప్పింది నాలుగు ముక్కలు: షుగరు గోలీలు ఈ రోజుకు ఆపండి, ఓఆర్ఎస్ చెంచాతో మెల్లగా తాగించండి. నర్సు దగ్గరే ఉండాలి, మత్తుగా అయినా, ఏదీ కడుపులో నిలవకపోయినా, మధ్యాహ్నం రెండింటిలోపు మూత్రం రాకపోయినా వెంటనే సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోండి.

"రెండొందల ముప్పై ఉంటే ఇంకా చక్కెర పోస్తవా బేటీ?" అన్నాడు కరీముల్లా. "మా అమ్మను అదే తిన్నది. ఈమెను గూడ తినబెట్టాల్నా?"

భవ్యశ్రీ అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. "చాచా, నిన్నటి నుంచి ఎన్ని గ్లాసులు తాగించినవ్?"

"ఇరవై ఉంటయ్."

"అవన్నీ యాడికి పోయినయ్? లోపలికి పోయినయా?"

"నోట్ల పోసిన గదా!"

"నోట్ల పోస్తే లోపలికి పోయినట్టు కాదు చాచా. పేగుల ఉన్నదంటే ఇంకా గేటు బయట ఉన్నట్టే."

ఈ మాట మనలో చాలామందికి తెలియదు. గొంతు దిగితే చాలు, ఒంటికి పట్టినట్టే అనుకుంటాం. పేగు ఒక గొట్టం. అందులో ఉన్నది రక్తంలోకి చేరాలంటే పేగు గోడలోని కణాలను దాటాలి. ఒక్కో కణం చుట్టూ కంటికి కనిపించనంత పలుచటి పొర ఉంటుంది. అది కొవ్వు పదార్థంతో రెండు వరుసలుగా పేర్చిన పొర. రెండు వరుసల్లోనూ నీటిని ఇష్టపడే తలలు బయటి వైపులకు, నీళ్లంటే గిట్టని కొవ్వు తోకలు మధ్యలోకి తిరిగి ఉంటాయి. కూర గిన్నెలో నూనె, నీళ్లు కలవనట్టే, నీటిలో కరిగిన ఉప్పు ఆ కొవ్వులోంచి దూరలేదు. అందుకని పొరలో అక్కడక్కడ ప్రొటీన్లతో చేసిన తలుపులుంటాయి. ఏ సరుకుకు ఆ తలుపే. ఒకదానికి తీసినది ఇంకోదానికి తెరుచుకోదు.

భవ్యశ్రీ ఇదంతా తన మాటల్లో చెప్పింది. "ఉప్పు లోపలికి పోతేనే దాని ఎన్కాల నీళ్లు పోతయ్ చాచా. గిట్ల విరేచనాలైనప్పుడు ఒట్టి ఉప్పు పోయే తలుపులు పాడైతయ్. ఇంకో తలుపు మంచిగనే ఉంటది. గానీ దానికొక రూలున్నది. ఉప్పు ఒక్కటే వస్తే తెరుసుకోదు. గ్లూకోజ్ ఒక్కటే వచ్చినా తెరుసుకోదు. రెండూ కల్సి రావాలె. నువ్వు ఒట్టి ఉప్పు పంపినవ్. అది తలుపు కాడ నిలబడి నిలబడి, నీళ్లను తీస్కొని బయటికే పోయింది."

కరీముల్లా మెల్లగా అన్నాడు. "క్లీనర్ లేని ట్యాంకర్."

"ఏంది చాచా?"

"మా గేటు కాడ గంతే. డ్రైవర్ ఒక్కడొస్తే పోనియ్యరు."

"అగో, అదే!" అంది భవ్యశ్రీ. ఆ పోలిక ఆమెకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అర్థమైంది గానీ మనసు వెంటనే మాట వినదు కదా. కరీముల్లా లేచి గిన్నె కడిగాడు. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి పోశాడు. ప్యాకెట్ చింపే దగ్గర చెయ్యి ఆగింది. తల్లి దుప్పటి కింద ఒక కాలు ఉన్నచోట ఎత్తుగా, రెండో కాలు లేనిచోట చదునుగా ఉండటం కళ్లముందు కదిలింది. పదకొండేళ్లు ఈ గడప దాటనివ్వని దాన్ని తన చేత్తోనే భార్య నోట్లో పోయాలి. పోయకపోతే ఈమె దక్కదు. పోస్తే ఏమవుతుందో నమ్మకం లేదు. ఆ పిల్ల మాట ఒక్కటే ఆధారం. కళ్లు మూసుకుని చింపేశాడు.

చింపాక మనిషి రెండో కొసకు పోయాడు. "చక్కెరతోనే తలుపు తెరుసుకుంటదంటే, ఇంకో రెండు చెంచాలు ఎక్కువేద్దామా? జల్దీ పోతది."

"వద్దు వద్దు! తోడు ఎంత కావాల్నో గంతే ఉండాలె. నిమ్మకాయ ముక్కలకు ఉప్పు రాస్తే ఏమైతది?"

"నీళ్లూరుతయ్."

"గట్లనే పేగుల చక్కెర ఎక్కువైతే ఒంట్ల నీళ్లను ఉల్టా గుంజుకుంటది. ఇంకా ఎండిపోతది."

ఊరగాయ జాడీలో ఊట పైకి తేలడం కరీముల్లా ఏటా చూసేదే. అది మనిషి కడుపులోనూ జరుగుతుందని ఎవరు చెప్పారు గనక! బుద్ధిగా కలిపి, వజీరా తల ఒళ్లో పెట్టుకుని, చెంచాతో పోయడం మొదలుపెట్టాడు. రెండో చెంచాకే ఆమె కళ్లు తెరిచింది.

"తియ్యగున్నది. ఎవరు కలిపిండ్రు?"

"నేనే."

"నువ్వా?" అని అతని ముఖంలోకి అనుమానంగా చూసి, ఏం కనిపించిందో మరి, నోరు తెరిచింది.

ఒకసారి వాంతయింది. భవ్యశ్రీ పది నిమిషాలు ఆగమని, మళ్లీ పోయించింది. రెండోసారి నిలిచింది. చెంచాలు గుక్కలయ్యాయి. విరేచనాలు పూర్తిగా ఆగలేదు గానీ ఎడం పెరిగింది. మధ్యలో ఒకసారి మళ్లీ వేలికి గుచ్చి చూస్తే రెండు వందల నలభై. కరీముల్లా చెంచా కింద పెట్టేశాడు. ఆ మాత్రానికి ఓఆర్ఎస్ ఆపక్కర్లేదని, నీళ్లు నిలిస్తే డాక్టరు దాని సంగతి చూసుకుంటాడని భవ్యశ్రీ ధైర్యం చెప్పింది. ఆమె దవాఖానాకు ఫోన్ చేసి రానని చెప్పేసింది. కరీముల్లా గోడ గడియారం వైపే చూస్తున్నాడు. పన్నెండున్నర. ఒంటిగంట. ఆటోకు చెప్పి పెట్టాడు కూడా.

ఒకటీ ఇరవైకి వజీరా లేస్తానంది. భవ్యశ్రీ పట్టుకుని బాత్‌రూమ్‌కు తీసుకువెళ్లింది. తలుపు బయట కరీముల్లా నిలబడ్డాడు. ముప్పై ఏడేళ్ల కాపురంలో అతనెన్నడూ అడగని ప్రశ్న అడిగాడు.

"వచ్చిందా?"

గొంతు పెంచాడు. "వజీరా, వచ్చిందా?"

పక్కింటి గోడ మీంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి సిగ్గనిపించలేదు.

"వచ్చింది! కొంచెం వచ్చింది. ఇగ పో ఆణ్నుంచి, ఇజ్జత్ తీస్తున్నవ్," అంది లోపలి నుంచి వజీరా, తెలుగులో, కోపంగా.

కరీముల్లా ఉన్నచోటే గోడకానుకుని కూలబడ్డాడు. తల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, భార్య ఒంటికి పోయిందని ఎక్కెక్కి ఏడ్చాడు. భవ్యశ్రీ మరో వైపు చూస్తూ ఆటో వద్దని ఫోన్ చేసింది.

సాయంత్రానికి వజీరా దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. భవ్యశ్రీ బస్సుకు వెళ్లింది, రేపు డాక్టరుకు చూపించాలని గట్టిగా చెప్పి మరీ. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

"ఆమ్నా అబ్బా," అంది వజీరా. అబ్బా అంటే నాన్న. కూతురి పేరుతోనే ఆమె భర్తను పిలుస్తుంది. "దవాఖానల ప్యాకెట్లు ఇచ్చిండ్రని నాకెందుకు చెప్పలే?"

"భయమైంది."

"నీకొక్కనికేనా? నా పానానికి నేను భయపడొద్దా? నన్నడిగితే భవ్యకు ఫోన్ చేస్తుంటి. తాగాల్నంటే తాగుతుంటి, వద్దంటే మానుతుంటి. పదకొండేండ్ల సంది నా నోట్ల ఏం పోవాల్నో నువ్వే చూస్తున్నవ్. నోరు మాత్రం నాది."

కంచె చేను మేస్తే ఊరంతా తిడుతుంది. గాలి కూడా ఆడనంత ఎత్తున కంచె కట్టినవాణ్ని మాత్రం ఎవరూ తిట్టరు, ఎంత మంచివాడో అంటారు. వజీరా కూడా ఇన్నేళ్లూ తిట్టలేదు. ఇప్పుడు కూడా అది తిట్టు కాదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది.

"తప్పయింది," అన్నాడు.

కరీముల్లా గిన్నె దగ్గరికి తీసుకున్నాడు. గ్లాసు పట్టుకుని, పోయకుండా ఆగాడు.

"ఇంకొంచెం తాగుతవా?"

"సగం."

సగం దాకా పోశాడు. అలవాటు కొద్దీ చెయ్యి ఇంకొంచెం వంగబోయింది. ఆపి ఆమె వైపు చూశాడు. వజీరా వద్దన్నట్టు తల ఊపింది. గిన్నె కింద పెట్టేసి గ్లాసు ఆమె చేతికే ఇచ్చాడు.