మైకులో చెప్పని ప్రార్థన

మా పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు మొన్న తెల్లవారుతుండగా చర్చి మైకులో విన్నాను. మా ఊళ్ళో మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళందరికీ ఆమె మేస్త్రి. ఏ రోజు ఎవరి చేలో దిగాలో ఆమే చెప్పేది. పది తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను కోతకు లాక్కెళ్ళి, తొడిమ ఊడకుండా కాయ తెంపడం నేర్పింది. సాళ్ళలో కబుర్లాడితే తిట్టేది. టీలో చక్కెర తగ్గితే అలిగేది.

ఒకసారి ఎన్నికల గొడవలో వీధి చివరి ఇంటాయన పెద్దనాన్న కాళ్ళు విరగ్గొట్టాడు. పెద్దనాన్న మళ్ళీ చేను మొహం చూడలేదు. కొన్నేళ్ళకు మంచంలోనే పోయాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పెద్దమ్మ చర్చిలో మైకు పట్టుకుని, ఆ మనిషిని పేరు పెట్టి దీవించమని ప్రార్థించేది. మేమంతా ఆమేన్ అనేవాళ్ళం. ఎంత మంచి మనసో అనుకునేవాళ్ళం.

ఒకనాడు ఆయన భార్య పెద్దమ్మ గుమ్మం ముందుకొచ్చింది.

"ఏమే, వారం వారం మా ఆయన పేరెత్తి శపిస్తన్నావంట?"

"శాపం కాదక్కా, దీవెనే."

"దీవెనైతే నీ దేవుడి చెవిలో చెప్పుకో. ఆయన చేసింది ఊరంతటికీ గుర్తుచెయ్యడం ఏంది?"

ఆ ఆదివారం పెద్దమ్మ మైకు దగ్గరికి పోలేదు.

ఆ ఏడు ఆయన చేలో కాయ పండి ఎర్రబారింది. మబ్బు పట్టింది. కోసేవాళ్ళు దొరకలేదు. వద్దని పెద్దమ్మ ఎన్నడూ అనలేదు గాని, ఆమె దిగని చేలో మేమెవరం దిగేవాళ్ళం కాదు. అది ఆమెకూ తెలుసు. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని ఆ చేను వైపు నడిపించింది. ఆమె కొడుకు దారికి అడ్డం నిలబడి, నాన్న కాళ్ళు విరిచినవాడి కాయ కోస్తావా అని అడిగాడు.

"శత్రువుని ప్రేమించమన్నాడు గాని, మైకులో ప్రేమించమనలేదురా. ఇన్నాళ్ళూ నోటితో దీవించి చేతుల్తో పగబట్టా. ఈ పగ నీకిచ్చి పోను. పక్కకి జరుగు."

జరిగాడు గాని, ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. ఆ సాయంత్రం మబ్బు విడిపోయింది, చినుకు పడలేదు. ఇంత పరుగు దండగైందని నేనంటే, "వాన కోసం పోయామా ఏంది," అని నవ్వింది.

నిన్న సమాధుల దొడ్లో అందరం పెట్టె మీద మన్ను వేస్తున్నాం. ఆ వీధి చివరి ఇంటాయన గోడ అవతల చేతికర్ర మీద నిలబడి ఉన్నాడు. కొడుకు అటు చూశాడు.

కొడుకు వెళ్ళి, "రా బాబాయ్, నువ్వూ వెయ్యి," అన్నాడు.

ఆయన వచ్చి వంగబోయాడు, నడుము వంగలేదు. కొడుకే గుప్పెడు మన్ను తీసి ఆయన అరచేతిలో పోశాడు. ఆయన చెయ్యి చాపి వదిలాడు. సగం మన్ను పెట్టె మీద పడింది, సగం కొడుకు పాదాల మీద. అతను పాదాలు వెనక్కి తీసుకోలేదు.